సున్నా వారం

మా నాయిన మిర్యాలగూడలో 45 ఏళ్ళు మోటార్లు చుట్టాడు. సాగర్ ఎడమ కాలువ కింద వరి మడులు, ఆ వడ్లు ఆడించే రైస్‌మిల్లులు, కాలువ నీళ్ళు ఎక్కని మెట్టల్లో బోర్లు. అన్నిటికీ మోటార్లే, అన్ని మోటార్లూ ఎప్పుడో ఒకప్పుడు కాలేవి. కరెంటు రాత్రిపూట వంతులవారీగా వచ్చే రోజుల్లో మరీను. అర్ధరాత్రి లేచి పొలానికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్ళు. కరెంటు రాగానే ఆ చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. లేచేటప్పుడు మోటారు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి లాగితే వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పడితే మోటారు అవే నీళ్ళు ఎత్తడానికి ఇంకా ఎక్కువ లాగి, వేడెక్కి మాడిపోతుంది. తెల్లారేసరికి మా షాపు ముందు కాలిన మోటార్లు వరుసగా ఉండేవి. మా ఇంట్లో అన్నం వాసనకన్నా ముందు మాడిన వార్నిష్ వాసన వచ్చేది.

షాపులో ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. మోటారుకు ఒక పేజీ. ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని స్లాట్లు, కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, అంతా నీలి సిరాతో. అదే మోటారు మళ్ళీ కాలి వస్తే పాత రాతను కొట్టేసేవాడు కాదు. దాని కిందనే ఎర్ర సిరాతో తారీఖు వేసి, 'కారణం' అని పెట్టి, ఎందుకు కాలిందో రాసేవాడు. కారణం: ఫేజు పోయింది. కారణం: బేరింగు పట్టేసింది. ఒకచోట 'కారణం: నా తప్పు, వార్నిష్ ఆరలేదు' అని కూడా ఉంది. ఆ రైతుకు పైసా తీసుకోకుండా మళ్ళీ చుట్టి ఇచ్చాడు. ఆ బుక్కు చూసే నేను రాయడం నేర్చుకున్నాననిపిస్తుంది. రాసిందాన్ని దాచకపోవడం మాత్రం నేర్చుకోలేదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆ ఏడే అమ్మ పోయింది. నాయిన షాపు మూసేసి నల్లగొండలో మా ఇంటికి వచ్చాడు. వచ్చిన నెలలో ఇంట్లో ఫ్యాన్లన్నీ విప్పి బాగుచేశాడు. పక్కింటి ఫ్యాన్లు కూడా అయిపోయాక చేతులు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. పని లేని ఆ చేతులను చూడ్డం నాకు కష్టంగా ఉండేది.

2022 జూలైలో మా అబ్బాయి ఈఈఈ రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఒక సాయంత్రం లాప్‌టాప్‌లో ఏదో పాఠం పెట్టుకుని అన్నం తింటున్నాడు. తెర మీద మోటారు బొమ్మ. నాయిన నీళ్ళ గ్లాసుతో పోతూ పోతూ ఆగిపోయాడు.

"ఇది స్టేటరే కదరా?"

"అవును తాతా. ఐఐటీ సారు చెప్తున్నడు."

"ఐఐటీ సారు మనింట్ల చెప్తున్నడా?"

వాడు నవ్వి అంతా వివరించాడు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలివి. 2017లో స్వయం అనే పోర్టల్ వచ్చాక దాంట్లో కూడా ఇస్తున్నారు. పన్నెండు వారాల కోర్సు, వారం వారం అసైన్‌మెంటు. చూడ్డానికి డబ్బులు కట్టక్కర్లేదు. నాయిన గ్లాసు అక్కడే పెట్టేసి కుర్చీ లాక్కున్నాడు. మర్నాడు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే గేటు దగ్గరికి వచ్చి, "నా పేరు గూడ రాయిస్తవా బిడ్డా" అన్నాడు. నా ఫోన్ నంబరుతో ఆయన పేర ఖాతా తెరిచాను. ఎలక్ట్రికల్ మెషీన్స్ కోర్సు. రెండువందల పేజీల లాంగ్ నోటుబుక్కు, ఒక నీలి పెన్ను, ఒక ఎర్ర పెన్ను తనే వెళ్ళి తెచ్చుకున్నాడు.

ఆ మూడు నెలలు మా ఇంట్లో ఒకే పాఠం మూడు తీర్ల నడిచింది.

మా అబ్బాయి రెండింతల వేగంతో చూసేవాడు. సారు గొంతు చీమ మాట్లాడినట్టు సన్నగా వచ్చేది. మొదటి నాలుగైదు నిమిషాలు ఎప్పుడూ చూడడు. "అక్కడేం ఉండదమ్మా, ఊకే పరిచయం" అంటాడు. వాణ్ణి తప్పుపట్టలేను. యూజీసీ 2021 నిబంధనలు సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోనిస్తాయి. వాడికి అది మార్కుల పని. ఇరవై ఏళ్ళ పిల్లవాడికి ముందున్న కాలమంతా పరుగే కదా.

నేను వేరేరకం. దీక్ష పోర్టల్‌లో టీచర్లకు 'నిష్ఠ' శిక్షణ వచ్చినప్పుడు మాడ్యూల్ వెంట మాడ్యూల్ నడిపించాను. ఫోన్ చార్జింగుకు పెట్టి, వీడియో దానంతట అది పోతుంటే వంటింట్లో కూర తరుక్కున్నాను. ప్రశ్నలొచ్చినప్పుడు మాత్రం చెయ్యి తుడుచుకుని వచ్చి నొక్కేదాన్ని. సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. వాటిలో మంచి పాఠాలు ఉండే ఉంటాయి, నేనే వినలేదు. నలభై ఆరేళ్ళ వయసులో, బడీ ఇల్లూ రెండూ మోస్తూ, కోర్సంటే ఇంకో బరువనే తోచింది నాకు.

నాయిన వేగం తగ్గించి చూసేవాడు. ఎలా తగ్గించాలో మనవడు నేర్పాడు. ఒక వాక్యం విని ఆపేవాడు, రాసుకునేవాడు, మళ్ళీ వినేవాడు. అరగంట పాఠానికి రెండు గంటలు పట్టేది. ఇంగ్లీషుతో ఇబ్బంది కాదా అని అడిగితే, "మోటారు భాష ఇంగ్లీషే గదా బిడ్డా. స్టేటరు, రోటరు, స్లిప్పు, టార్కు. నేను ఐటీఐల చేరినప్పటి సంది ఇదే మాట్లాడుతున్న. నడుమ మాటలే తెల్వవు" అన్నాడు. ఆ నడుమ మాటలు తెలుగు లిపిలో రాసిపెట్టుకుని రాత్రి మనవణ్ణి అడిగేవాడు. 'దేర్‌ఫోర్', 'అస్యూమ్', 'నెగ్లిజిబుల్'. నెగ్లిజిబుల్ అంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్నదని తెలిసినప్పుడు, "మంచి మాట. దీనికి మా దగ్గర 'పోనీ తియ్' అంటం" అన్నాడు.

పరిచయాన్ని కూడా ఆయన వదల్లేదు. మొదటి పాఠం మొదలుకాకముందే, సున్నా వారం అని అక్కడ రాసి ఉన్నదంతా, సారు ముందుమాటగా చెప్పిందంతా, నాలుగు పేజీలు నింపాడు. "తాతా, అది సిలబస్ కాదు" అని మా అబ్బాయి మొత్తుకున్నాడు.

"పెద్దాయన ముందుగాల చెప్పేది వినకుంట పన్ల దిగుతరారా?"

ఆరో ఏడో వారంలో ఒక రాత్రి, పది దాటింది, నేను జవాబుపత్రాలు దిద్దుతున్నాను. నాయిన గదిలోంచి పాఠం చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. భయమేసి వెళ్ళాను. మంచం మీద పాత షాపు బుక్కు, కొత్త నోటుబుక్కు పక్కపక్కన తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, రెండు ఫేజుల కాయిల్స్ నల్లగ మాడి, మూడోది కొత్తదాని లెక్క ఉంటే ఏందని రాసేటోణ్ణి నేను?"

"ఫేజు పోయి కాలిందని."

"అవు. మూడు ఫేజుల మీద నడిచేది రెంటి మీదనే గుంజుతది. ఎక్కువ గుంజుతదని తెలుసు. ఎంత ఎక్కువనో ఇయ్యాల తెలిసింది. 1.732 రెట్లు. రూట్ త్రీ అంట. వేడి దాని వర్గం. 1.732ను 1.732తోని గుణించు."

గుణించక్కర్లేదు, మూడు.

"మూడు రెట్ల వేడి" అన్నాడు, అరచేతులు చూసుకుంటూ. "45 ఏండ్లు ఈ చేతులకు తెలుసు. నాకు తెల్వకపాయె."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. చదువంటే ఇదని నేను అన్నేళ్ళు బడిలో చెప్పానే గాని, ఒక మనిషికి అది జరుగుతుండగా అంత దగ్గర్నుంచి చూడ్డం అదే మొదటిసారి.

ఆ తర్వాతే పరీక్ష మాటెత్తాడు. చూడ్డం ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి, సెంటర్‌కు వెళ్ళి, కంప్యూటర్ మీద పరీక్ష రాయాలి. పరీక్షకు 75, అసైన్‌మెంట్లకు 25. పన్నెండింటిలో బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు. ఆయన ఒక్కటీ విడిచిపెట్టలేదు. బుక్కులో జవాబు తేల్చుకునేవాడు, మనవడు నొక్కేవాడు.

"పైసలు నేనిస్త బిడ్డా. కట్టుడు నీ ఫోన్లనేనట కదా."

సరే నాయినా అన్నాను. నిజంగానే కడదామనుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నాకు ఇంటర్ కాగానే పెళ్ళయింది. 1998లో, పెద్దపిల్లకు రెండేళ్ళప్పుడు, ఇంక నా చదువు అయిపోయిందని నేను అనుకుంటున్నప్పుడు, నాయిన షాపు కట్టేసి నల్లగొండకు పోయి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్టడీ సెంటర్లో కనుక్కొని వచ్చాడు. 1982లో మన దేశంలో మొట్టమొదట పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం అది. రాత్రి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "పెండ్లయినోళ్ళు గూడ చదవొచ్చంట. ముసలోళ్ళు గూడ చదవొచ్చంట బిడ్డా. వయసు అడ్డం లేదంట" అన్నాడు. ఫీజు ఆయనే కట్టాడు. ఆదివారం తరగతులకు మిర్యాలగూడ నుంచి స్కూటరు మీద తీసుకుపోయేవాడు. పరీక్షలప్పుడు నేను లోపల రాస్తుంటే బయట చెట్టు కింద పిల్లనెత్తుకుని మూడు గంటలు నిలబడేవాడు. ఆ బీఏ మీదే నాకు బీఎడ్, దాని మీదే ఈ ఉద్యోగం.

పరీక్ష ఫీజుకు గడువు దగ్గరపడుతోంది. బడిలో మార్కుల అప్‌లోడు పని. నాయిన ఒకసారి గుర్తుచేశాడు. వారం తర్వాత రెండోసారి. రెండుసార్లూ రేపు అన్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను కాబట్టి పూర్తిగా రాస్తాను: మరచిపోవడం ఒక్కటే కాదు. పరీక్ష రోజు సెలవు పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని సెంటర్‌కు తీసుకుపోవాలి, మౌసు చేతికిచ్చి లోపలికి పంపాలి, బయట మూడు గంటలు నిలబడాలి. చుట్టూ మా అబ్బాయి ఈడు పిల్లలుంటారు. వాళ్ళు చూస్తారు. ఫెయిలైతే ఆయన ముఖం నేను చూడాలి. ఇవన్నీ కలిసి నా చెయ్యి ఫోన్ దాకా పోలేదు. ఒకరోజు బస్సులో గుర్తొచ్చి తెరిచి చూస్తే గడువు అయిపోయింది.

ఆ సాయంత్రమే మూడోసారి అడిగాడు. చేతిలో రెండు ఐదువందల నోట్లున్నాయి.

"నాయినా, కనుక్కున్న" అన్నాను. "పరీక్షకు వయసు పరిమితి ఉందంట. అరవై దాటినోళ్ళను రాయనియ్యరంట."

ఆయన నా వంక చూశాడు. ఎంతసేపో కాదు.

"అట్లనా. రూలుంటే ఏం జేస్తం. సరే బిడ్డా."

నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. 2018లో కేరళలో కార్త్యాయని అమ్మ అనే 96 ఏళ్ళ ఆవిడ అక్షరాస్యతా పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకుంది. ఆమె ఫొటో పేపర్లోంచి కత్తిరించి మా బడి నోటీసు బోర్డుకు అంటించింది నేనే. చదువుకు వయసు లేదని ఆరో తరగతి పిల్లలకు కథలా చెప్పింది నేనే. ఆ ఫొటో అప్పటికి ఇంకా బోర్డు మీదనే ఉంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. పరీక్ష లేదని తెలిశాక కూడా నాయిన మానలేదు. మర్నాడు అదే వేళకు, అదే కుర్చీలో, అదే వేగంతో. పన్నెండో వారం చివరి పాఠం దాకా చూశాడు, చివరి అసైన్‌మెంటు కూడా పెట్టించాడు. పరీక్ష రోజు ఆదివారమో శనివారమో కూడా ఎవర్నీ అడగలేదు. నోటుబుక్కు మూసి పాత షాపు బుక్కు మీద పెట్టాడు.

మరుసటి ఏడు మా అబ్బాయి మూడో సంవత్సరంలో అదే కోర్సు మళ్ళీ, పరీక్షతో సహా, క్రెడిట్ల కోసం తీసుకున్నాడు. ఈసారి పరుగు సరిపోలేదు. నాలుగో వారానికే తాత నోటుబుక్కు కావాల్సి వచ్చింది. పేజీ పేజీ ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసుకున్నాడు. పాఠం ఒక పక్క, దాని ఎదురు పేజీలో మిర్యాలగూడ మోటార్లు. స్లిప్పు గురించిన చోట ఏ రైస్‌మిల్లు మోటారు ఎందుకు వేడెక్కిందో, రూట్ త్రీ దగ్గర ఫేజు పోయి కాలిన మోటార్ల లెక్క. పీడీఎఫ్ వాళ్ళ క్లాసు గ్రూపులోకి పోయింది, అక్కణ్ణుంచి జూనియర్లకు. ఒక పిల్లవాడు ఇంటికే వచ్చి, "తాతా, ఈ బొమ్మ ఇంకోసారి చెప్పరా" అని మంచం మీద కూర్చున్నాడు. నాయిన చేతులు మళ్ళీ కదిలాయి, లేని తీగను గాల్లో చుడుతూ.

మా అబ్బాయికి అరవై దాటి మార్కులొచ్చాయి. సర్టిఫికెట్ మీద 'ఎలైట్' అని వచ్చింది. ప్రింటు తీయించి తాత చేతిలో పెట్టాడు. నాయిన దాన్ని దీపం దగ్గరికి తీసుకుపోయి అంచులు తడిమి చూశాడు. "మంచి కాగితం" అన్నాడు. "పరీక్ష హాలు ఎట్లుంటదిరా? కుర్చీలు దగ్గరదగ్గర ఉంటయా?" అని అడిగాడు. వాడు చెబుతుంటే వింటూ కూర్చున్నాడు, అక్కడ ఏ పక్క ఎవరు కూర్చున్నారో దాకా.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే జూలైలో ఆయన పేరు మళ్ళీ రాయించి, ఈసారి మొదటి రోజే వెయ్యి కట్టేయాలనుకున్నాను. రూలు మార్చారంట అని చెప్పొచ్చు. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం కప్పుకుని పడుకోవచ్చనుకున్నాను. ముందు ఆయన ఏమేం రాసుకున్నాడో చూద్దామని అబ్బాయి ఫోన్లో పీడీఎఫ్ తెరిచాను. అది ఐదో పేజీ నుంచి మొదలవుతోంది.

"ముందు నాలుగు పేజీలేవిరా?"

"సిలబస్ కాదమ్మా. సున్నా వారం. తియ్యలేదు."

నాయిన నిద్రపోతున్నాడు. షాపు బుక్కు మీదున్న నోటుబుక్కు చప్పుడు కాకుండా తీసి, వంటింట్లోకి తెచ్చుకుని, లైటు వేసి మొదటి పేజీ తెరిచాను. పైన 2022 జూలై తారీఖు. కింద నీలి సిరాతో, గుండ్రటి అక్షరాల్లో:

'కోర్సు ఉచితం. పరీక్ష ఇష్టముంటేనే. ఫీజు 1000. ఎవరైనా రాయవచ్చు. వయసు అడ్డం లేదు.'

చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతల కింద సెప్టెంబరు తారీఖు. ఆయన చేతిలో రెండు నోట్లతో నా ముందు నిలబడ్డ రోజుది. ఎర్ర సిరా.

'కారణం: వయసు కాదు. బిడ్డకు తీరిక లేదు. మళ్ళీ అడగొద్దు.'